కాటా చీటీ లేని ఫిర్యాదు

చెరకు బండి కాటా దిగగానే రైతు చేతికి ఒక చీటీ వస్తుంది. బండి నంబరు, తేదీ, తూకం, అంతకుమించి పెద్దగా ఏమీ ఉండదు అందులో. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరు మోసిన నిజాం షుగర్స్ చుట్టూ పెరిగిన బోధన్ పల్లెల్లో ఆ చీటీ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ ఖాతాల్లో ఎన్ని టన్నుల లెక్కలైనా ఉండొచ్చు. రైతు దగ్గర ఉండేది ఆ కాగితం ముక్కే. తూకంలో తేడా వచ్చిందని అడగాలన్నా, బిల్లు ఆలస్యమైందని నిలదీయాలన్నా ముందు దాన్నే జేబులోంచి తీయాలి. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో ఇటీవల మెచ్చుకోళ్లు అందుకుంటున్న ఒక సదుపాయాన్ని ఈ చీటీ పక్కన పెట్టి చూడాలి. బండి ఏదైనా తేడా చేసినప్పుడు నడిపేవాడు స్టీరింగ్ మీద మీట నొక్కి, జరిగింది నోటితో చెబుతాడు. కారు ఆ మాటను, ఆ క్షణంలో తన స్థితిని నమోదు చేసుకుంటుంది. యజమాని పని అంతటితో అయిపోతుంది. అతని చేతికి మాత్రం ఏమీ రాదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది టెస్లా. తన కార్ల మాన్యువల్‌లో దీన్ని వివరిస్తూ, సమస్యను క్లుప్తంగా చెబితే ఆ సమయానికి తెర మీద ఉన్నదాన్ని, కారు ఉన్న చోటును బండి భద్రపరుస్తుందని, వాటిని తాము అప్పుడప్పుడు పరిశీలించి కారును మెరుగుపరచడానికి వాడుకుంటామని ఆ కంపెనీ రాసింది. ఆ వాక్యాన్ని కాస్త ఆగి చదవాలి. పరిశీలించేది అప్పుడప్పుడు. మెరుగుపడేది ఆ మోడల్. 'మీ బండి బాగుచేస్తాం' అన్న మాట అందులో ఎక్కడా లేదు. కంపెనీ అబద్ధమేమీ చెప్పలేదు, చెప్పినదానికన్నా ఎక్కువ ఊహించుకుంటున్నది యజమానులే. 2025 జులైలో ముంబైలో తొలి షోరూం తెరిచి, దాదాపు 60 లక్షల ధరతో మన దేశానికి వచ్చిన టెస్లా గురించి నిజామాబాద్‌లో ఎందుకు మాట్లాడుకోవాలని ఎవరైనా అడగొచ్చు. టెస్లా కోసం కాదు. మన దగ్గర తిరుగుతున్న టాటా, మహీంద్రా, ఎంజీ ఎలక్ట్రిక్ బళ్లు ఇప్పటికే మాట వింటున్నాయి, లోపల ఉన్న సిమ్ ద్వారా కంపెనీతో ముచ్చటిస్తున్నాయి. ఏసీ తగ్గించమంటే తగ్గించే బండి, 'బ్రేకు దానంతటదే పడింది, రాసుకో' అంటే రాసుకోలేకపోదు. ఆ సదుపాయం ప్రతి బండిలోకీ రాకముందే, వస్తే ఏ షరతుల మీద రావాలో మాట్లాడుకోవడం మేలు.

ముందుగా దాని మంచి ఒప్పుకోవాలి, ఆ మంచి చిన్నది కాదు. ఎలక్ట్రిక్ బండి జబ్బుల్లో చాలావాటికి ఒక గుణం ఉంది: సర్వీస్ సెంటర్ గేటు దాటగానే మాయమవుతాయి. నడుస్తుండగా తెర నల్లబడుతుంది, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా వెలుగుతుంది. చార్జింగ్ గన్ పెట్టిన పది నిమిషాలకే ఆగిపోతుంది, మళ్లీ పెడితే ఎక్కుతుంది. డ్రైవరుకు సాయపడాల్సిన కెమెరా వ్యవస్థ ఏమీ లేని చోట బ్రేకు కొడుతుంది. ఈ చివరిది మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఆలోచించాల్సిన సంగతి. క్రషింగ్ రోజుల్లో ఇరుపక్కలా గడలు వేలాడుతూ వెళ్లే చెరకు ట్రాక్టరు, రోడ్డు సగం ఆక్రమించి ఆరబోసిన వడ్లు, మక్కలు, వాటి అంచున పెట్టిన రాళ్లు... వీటిని దృష్టిలో పెట్టుకుని ఆ కెమెరాల సాఫ్ట్‌వేర్ ఎంత రాశారన్నది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. మూడు రోజుల తర్వాత షోరూంకు వెళ్లి 'నవీపేట దాటాక ఎక్కడో ఒక్కసారి బ్రేకు పడింది' అంటే మెకానిక్ ఏం చేయగలడు? ఒక చుట్టు తిప్పి చూస్తాడు. ఏమీ కాదు. జాబ్ కార్డు మీద 'సమస్య కనిపించలేదు' అని రాసి తాళాలు చేతిలో పెడతాడు. అతని తప్పు లేదు, కస్టమరు అబద్ధమాడలేదు. ఆ క్షణం తాలూకు జాడ ఇద్దరి దగ్గరా లేదు, అంతే. మాటతో చేసే రిపోర్టు సరిగ్గా ఆ జాడను పట్టుకుంటుంది. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంత వేగంలో, ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో అన్నది యంత్రం మరిచిపోదు. అదీ చేయి స్టీరింగ్ మీదుంచి, కళ్లు రోడ్డు మీదుంచి. ఫోన్ తీసి టైపు చేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

మరి లోటు ఎక్కడంటే, పట్టుకున్న ఆ జాడ ఎవరి జేబులో ఉందన్న దగ్గర. సమాచారం వేరు, ఫిర్యాదు వేరు. సమాచారం ఇచ్చినవాడికి జవాబు చెప్పాల్సిన పని పుచ్చుకున్నవాడికి లేదు. ఫిర్యాదు తీసుకున్నవాడు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెప్పాలి, కనీసం కుదరదనైనా. షోరూంలో జాబ్ కార్డు తెరిచారంటే దానికి నంబరుంటుంది, తేదీ ఉంటుంది, యజమాని చెప్పిన సమస్య ఉంటుంది, ఒక నకలు అతని చేతికి వస్తుంది. కారుతో చెప్పుకున్న మాటకు ఇవేవీ లేవు. ఫలానా రోజు ఫలానా లోపం గురించి చెప్పానని నిరూపించుకోవడానికి యజమాని దగ్గర ఏమీ మిగలదు. ఉన్నదంతా అవతలి పక్షం సర్వర్లలో ఉంటుంది. వారంటీ చివరి నెలల్లో దీని అర్థం తెలుస్తుంది. సమస్య వారంటీలో ఉండగానే మొదలైందా, తర్వాతా అన్న తగాదా వస్తే, ఆరు నెలల పాటు కారుతో మొరపెట్టుకున్న మనిషి కన్నా ఒక్కసారి షోరూంకు వెళ్లి జాబ్ కార్డు రాయించుకున్న మనిషే గట్టి నేల మీద నిలబడతాడు. పైగా సులువుగా చెప్పేసే దారి ఉందంటే కష్టపడి రాయించుకునే దారి మనిషి మానేస్తాడు. చెప్పేశానన్న తృప్తి అలాంటిది. బోధన్ నుంచి నిజామాబాద్ పాతిక కిలోమీటర్లు. పెద్ద మరమ్మతుకైతే హైదరాబాద్ దాకా 175 కిలోమీటర్ల పైమాటే. ఒక పూట పని వదులుకుని పోవడం కన్నా మీట నొక్కి చెప్పడమే హాయి అనుకోవడం సహజం. ఆ హాయికి కట్టే ధర తర్వాతెప్పుడో కనిపిస్తుంది.

రికార్డు ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న నిజామాబాద్‌కు కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో ఈ పట్టణంలో ఒక ఇంట్లో రాత్రి చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు చనిపోయాడు. స్కూటర్ హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ సంస్థది. పోలీసులు కేసు నమోదు చేశారు. ఆ వారంలోనే సంస్థ 2,000 స్కూటర్లను వెనక్కి పిలిచింది. సంతాపం చెబుతూ ఆ సంస్థ విడుదల చేసిన ప్రకటనలో ఒక మాట ఉంది: ఆ వినియోగదారుకు బండి అమ్మినట్టు గానీ సర్వీసు చేసినట్టు గానీ తమ రికార్డుల్లో లేదని, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారేమో చూస్తున్నామని. మాటతో రిపోర్టు చేసే సదుపాయం ఉంటే ఆ ప్రాణం నిలిచేదని చెప్పడం దబాయింపు అవుతుంది. అది బండి నుంచి విడదీసి ఇంట్లో పెట్టిన బ్యాటరీ, దానికి మాటా లేదు, చెవీ లేదు. ఆ ఘటనను గుర్తు చేయడం మరో కారణంతో. కంపెనీ పుస్తకాల్లో పేరు లేని మనిషి కంపెనీకి కనిపించడు. కనెక్టెడ్ కారులో పేరంటే యాప్ ఖాతా. జిల్లా కేంద్రాల్లో బళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. మొదటి యజమాని ఖాతా మూసేయకపోతే, రెండో యజమాని నోటితో చెప్పిన ఫిర్యాదు ఎవరి పేరున జమవుతుంది? రిపోర్టు చాసిస్ నంబరుకు అంటిపెట్టుకుని ఉండాలి, ఖాతాకు కాదు. ఆ ఏడాది దేశమంతా వరసగా జరిగిన మంటల తర్వాత కేంద్రం నిపుణుల కమిటీ వేసింది, బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్ 156ను కఠినం చేసి 2022 డిసెంబరు నుంచి, తర్వాత 2023 మార్చి ఆఖరు నుంచి రెండు దశల్లో అమల్లో పెట్టింది. కేంద్రం కదిలింది ఎవరి సర్వర్‌లోనో పేరుకున్న సమాచారం వల్ల కాదు, అందరి కళ్లెదుటా జరిగిన ఘటనల వల్ల.

చట్టం కూడా ఇదే తేడాను పట్టించుకుంటుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఏ సెక్షన్ వచ్చింది. లోపమున్న బళ్లను వెనక్కి పిలవమని తయారీదారును కేంద్రం ఆదేశించడానికి అది చూపే దారుల్లో ఒకటి, నిర్దేశించిన శాతం యజమానులు ఆ లోపాన్ని కేంద్ర ప్రభుత్వానికి నివేదించడం. ప్రభుత్వానికి, కంపెనీకి కాదు. దీని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఏడేళ్ల లోపు బళ్లకు వర్తిస్తాయి, ఫిర్యాదులకు రవాణా శాఖ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఒకే మోడల్ కారున్న వెయ్యి మంది వెయ్యిసార్లు స్టీరింగ్ మీట నొక్కి మొత్తుకున్నా ఆ లెక్కలో పడేది సున్నా. లెక్క బయటివాళ్ల చేతిలో ఉంటే ఏమవుతుందో చూశాం. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఓలా ఎలక్ట్రిక్ మీద 10,644 ఫిర్యాదులు చేరాయి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి నోటీసిచ్చింది. 99 శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ బదులిచ్చింది. ఆ జవాబు నమ్మాలా వద్దా అన్నది వేరే చర్చ. కానీ ఒక సంఖ్యకు ఇంకో సంఖ్యతో జవాబు చెప్పాల్సి వచ్చింది, నలుగురూ చూస్తుండగా. అమెరికాలోనూ అదే జరిగింది. టెస్లా కార్లు కారణం లేకుండా బ్రేకు వేస్తున్నాయని తొమ్మిది నెలల్లో 354 ఫిర్యాదులు అక్కడి రహదారి భద్రతా సంస్థకు అందాక, 2022 ఫిబ్రవరిలో దాదాపు 4,16,000 బళ్ల మీద విచారణ మొదలైంది. కారులోంచే చెప్పే వీలున్న యజమానులు సైతం ప్రభుత్వ ఫారం నింపిన తర్వాతే ఆ విచారణ కదిలింది. అదే లోపం గురించి కారుకు చెప్పుకున్నవారు ఇంకెందరో ఉండొచ్చు, వారి సంఖ్య కంపెనీకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక్కడ విమానయానం వైపు ఒకసారి చూడాలి. 1974లో వాషింగ్టన్ దగ్గర ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ విమానం కొండను ఢీకొంది. అలాంటి పొరపాటే అంతకుముందు ఇంకో సంస్థ పైలట్లకు ఎదురై, ప్రమాదం త్రుటిలో తప్పింది, కానీ ఆ హెచ్చరిక అందరికీ చేరలేదని బయటపడింది. ఆ తర్వాత 1976లో మొదలైన భద్రతా నివేదికల వ్యవస్థను నడుపుతున్నది విమాన సంస్థలూ కాదు, వాటిని శిక్షించగల నియంత్రణ సంస్థా కాదు. అంతరిక్ష సంస్థ నాసా. పైలట్ గానీ, కంట్రోలర్ గానీ, మెకానిక్ గానీ తాను చూసింది రాసి పంపితే, తన పేరున్న భాగాన్ని వేరు చేసి, తేదీ ముద్ర వేసి తిరిగి అతనికే పంపుతారు. ఆ ముక్క అతని రసీదు. తెలియక చేసిన పొరపాటును పది రోజుల్లోపు ఇలా చెప్పుకుంటే, జరిమానా నుంచి తప్పించుకోవడానికి అదే ఆధారం. అర్ధ శతాబ్దంగా అది నిలవడానికి సాంకేతికత కారణం కాదు, మొదట్లో అంతా కాగితమే. పుచ్చుకునేవాడు మూడోవాడు కావడం, ఇచ్చినవాడికి చీటీ దక్కడం, ఈ రెండే కారణాలు. మాట వినే కార్ల తయారీదారులు ఇంత తెలివైన యంత్రంలోకి ఆ రెండో సుగుణాన్ని తీసుకురావడం కష్టమేమీ కాదు. రిపోర్టు చెప్పగానే యజమాని ఫోన్‌కు ఒక నంబరు, అతను చెప్పిన మాటలు, తేదీ, చాసిస్ నంబరుతో సందేశం పంపితే చాలు. గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తే అంతమాత్రం వస్తోంది.

కంపెనీల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఊహించగలం: ప్రతి గొణుగుడుకూ నంబరిస్తే వరద వస్తుంది. రోడ్డు మీద గుంతనూ, పక్క బండి హారన్‌నూ కారు లోపంగా రాయించేవారుంటారు. నిజమే, ఉంటారు. కానీ ఆ వరదను వడగట్టే పని తేలిక చేయడానికే కదా బండి స్థితిని, మాటను కలిపి పంపుతున్నది. నంబరివ్వడమంటే ఒప్పుకోవడం కాదు. 'పరిశీలించాం, ఇది లోపం కాదు' అన్నదీ జవాబే. యజమానికి అదే చాలాసార్లు చాలు. రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైంది: ఎలక్ట్రిక్ కారులో లోపాలు ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌వి, రిపోర్టులన్నీ కలిపి చూసి ఒక అప్‌డేట్ పంపితే అందరి బళ్లూ ఒకేసారి బాగవుతాయి, ఒక్కొక్కరికి జవాబెందుకు? తెర లోపాలకు, మ్యాప్ తప్పులకు ఈ వాదన నిలుస్తుంది. ఇనుముకూ రాగికీ నిలవదు. 2024 జూన్‌లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయోనిక్ 5 కార్లను వెనక్కి పిలిచింది. చార్జింగ్‌ను అదుపు చేసే యూనిట్‌లో లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీ డిశ్చార్జి కావొచ్చన్నది సమస్య. అలాంటిదానికి బండిని మనిషి చేతులు ముట్టాలి. ఎవరి బండిని ఎప్పుడు ముట్టారన్నది రాసి ఉండాలి. పైగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా తన లోపం పోయిందో లేదో యజమానికి చెప్పదు. 'చిన్నచిన్న లోపాలు సరిచేశాం' అన్న ఒక్క వాక్యంలో అతని ఆరు నెలల తంటా ఉందో లేదో ఎవరు చెప్పాలి?

చార్జింగ్ తగాదాల్లో ఇంకో చిక్కుంది, మన పట్టణాల్లో అది ఎక్కువ. చార్జింగ్ ఆగిపోతే తప్పు కారుదా, చార్జర్‌దా, కరెంటుదా? కారు కంపెనీ చార్జర్‌ను చూపుతుంది, చార్జర్ పెట్టినవాడు వోల్టేజీని చూపుతాడు, ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ మీటరు దాకా తమది బాగానే ఉందంటుంది. కారులో చెప్పిన మాట ఈ ముగ్గురిలో ఒక్కరికే వినిపిస్తుంది, ఆ ఒక్కరూ తనకు అనుకూలమైనంతే వింటారు. నమోదైన వివరాల నకలు యజమాని చేతిలో ఉంటే మిగిలిన ఇద్దరి ముందూ దాన్ని పెట్టొచ్చు. దీనికి పూర్తి తలకిందులు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు తిరిగే ఆ బస్సులు ప్రైవేటు ఆపరేటరువి; తిరిగిన కిలోమీటరుకు ఇంత అని చెల్లింపు. బస్సు ఆగితే ఆపరేటరుకే నష్టం కనుక లోపం గురించి డ్రైవరు చెప్పిన మాటకు వెంటనే విలువ వస్తుంది. సొంత కారు ఆగితే నష్టం యజమానిది ఒక్కడిదే. అందుకే అతనికి కాగితం కావాలి.

భాష సంగతి వేరే చెప్పాలి. బోధన్‌లో ఒకే ఇంటి ముందు తెలుగు, ఉర్దూ, మరాఠీ వినిపిస్తాయి. 'బండి సతాయిస్తోంది', 'గుంజుతలేదు', 'చార్జింగ్ ఎక్కుతలేదు' అన్న మాటల్లో ఇక్కడి డ్రైవరుకు స్పష్టమైన తేడాలున్నాయి. ఆ తేడాలు ఇంజనీరుకు అవసరం కూడా. యంత్రం వాటిని మామూలు ఇంగ్లిష్ వాక్యంగా మార్చి పంపితే అందులో మిగిలేది పిప్పి. తను చెప్పింది ఏమని రాసుకున్నారో చదివి సరిదిద్దే వీలు యజమానికి ఉండాలంటే, అప్పుడు కూడా అతనికి నకలు కావాల్సిందే. గోప్యత ప్రశ్నకూ జవాబు అక్కడే ఉంది. గొంతు, ఉన్న చోటు, సమయం, ఇంతా కంపెనీ తీసుకుంటున్నప్పుడు తీసుకున్నదేమిటో చూపించమనడం గొంతెమ్మ కోరిక కాదు.

చీటీ ఉన్నంత మాత్రాన ఒరిగేదేమిటని బోధన్ మనిషే అడగొచ్చు, అతనికి ఆ హక్కుంది. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బివ్వాలని, దాటితే 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతూనే ఉంది. బకాయిల కోసం చెరకు రైతులు రోడ్డెక్కుతూనే వచ్చారు. నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది, ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ చిమ్నీలు ఆరిపోయాయి. చీటీలు ఫ్యాక్టరీని కాపాడలేదు. కానీ చీటీకి ఆ పని ఎవరూ అప్పగించలేదు. బకాయి ఉందన్న సంగతిని కాదనలేకుండా చేయడమే దాని పని, ఆ పని అది చేసింది. గడువు, వడ్డీ అన్నవి ఒక తేదీ నుంచి లెక్కించాలి; ఆ తేదీ చీటీ మీదే ఉంటుంది. కారు ఫిర్యాదుకూ అలాంటి గడువు పెట్టాల్సింది ప్రభుత్వమే. మాటతో వచ్చిన రిపోర్టుకు ఇన్ని రోజుల్లో జవాబివ్వాలని, భద్రతకు సంబంధించినదైతే యజమాని 'ఊ' అనగానే రవాణా శాఖ పోర్టల్‌కు కూడా చేరాలని ఒక్క నిబంధన చాలు. 2026 డిసెంబరు ఆఖరు దాకా ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించిన తెలంగాణ ప్రభుత్వం, కొనిపించడంలో చూపిన ఉత్సాహంలో కొంత కొన్నవాడి మొర వినిపించడంలో చూపి కేంద్రాన్ని ఈ మేరకు అడగొచ్చు.

అలాంటి నిబంధన వచ్చేదాకా కారుతో చెప్పడం మానేయాల్సిన పనిలేదు. చెప్పిన తర్వాత బండి పక్కకు ఆపి తెర ఫొటో తీసుకోవాలి. తేదీ, సమయం, ఓడోమీటర్ అంకె రాసుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే కారణం తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా సొంత జిల్లాలోనే, అంటే నిజామాబాద్‌లోనే వేసుకోవచ్చు. సర్వీస్‌కు వెళ్లినప్పుడు జాబ్ కార్డులో సమస్యను సలహాదారు మాటల్లో కాకుండా తన మాటల్లో రాయించుకోవాలి. ఫలానా రోజు ఇన్ని గంటలకు కారులో రిపోర్టు చేశానని, ఆ డేటా తీసి చూడమని అదే కార్డు మీద చేర్పించాలి. చివరికి 'సమస్య కనిపించలేదు' అని రాస్తే, డేటా చూశాక రాశారా, చూడకుండా రాశారా అన్నది కూడా పక్కనే రాయించి, నకలు తీసుకున్నాకే తాళాలు అందుకోవాలి.